సుద్దతో రాసి తుడిచేసిన వచనం

2017 ఎండాకాలం. సిరిసిల్లలో సామ్యేలు అనే ఆయన రెండంతస్తుల ఇల్లు కట్టాడు. ఆయనకు బోరుబావులు తవ్వే బండ్లు రెండు ఉండేవి. ఇంటి ముఖం మీద బైబిల్ వచనం రాయాలని వేములవాడ నుంచి నన్ను పిలిపించాడు. నేను బోర్డులు రాసేవాణ్ని. చదివింది నాలుగో తరగతే గాని, నేను రాసిన బోర్డును మర్చిపోను. వేములవాడ గుడి చుట్టూ ఉన్న లాడ్జీల్లో దేనికి ఏ రంగు వేశానో ఇప్పుడడిగినా చెప్తాను. ఫ్లెక్సీలు వచ్చాక మావాళ్లు చాలామంది బ్రష్ వదిలేశారు. నేను వదల్లేదు.

మా పనిలో ముందు లేఅవుట్ గీస్తాం. అంటే గోడ మీద సుద్ద దారం కొట్టి గీతలు తీసి, అక్షరాలను సుద్దతో పలచగా రాసుకోవడం. తప్పు ఉంటే తడిగుడ్డతో పోతుంది. ఎనామెల్ పెయింట్ పడ్డాక మాత్రం పోదు.

దేవుడికి భయపడేవాడి ఇంట్లో కలిమి, సంపద ఉంటాయన్నది సామ్యేలు ఇచ్చిన వచనం. రెండు వరుసలు సుద్దతో రాసి నిచ్చెన మీద ఉన్నాను. అప్పుడు ఆయన తల్లి మార్తమ్మ వచ్చింది. ఆమె ఉండేది పెద్దకొడుకు దావీదు దగ్గర, కిరాయి ఇంట్లో. దావీదు సాంచల మీద, అంటే పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేస్తాడు.

"భాయ్, గా రాసింది జర సదివి చెప్పు" అంది ఆమె గడప బయటే నిలబడి.

చదివాను. ఆమె కొడుకు వైపు తిరిగింది.

"ఆదివారం కొత్తింటి ప్రార్థనకు నన్ను పిలువకు. నేను రాను."

"ఎందుకే అవ్వా? గిది మన బైబిల్ల మాటనే గదా! దేవుడు దీవించినోని ఇల్లు సూస్తే పదిమందికి నమ్మకం కుదుర్తదని పాస్టరయ్య సుత చెప్పిండు."

"ధనమున్నోడు దేవుని రాజ్యంలకు పోవుడు కన్న ఒంటె సూది బెజ్జంల దూరుడు సులువు అన్న మాట గూడ దాంట్లనే ఉన్నది. అది మీ పాస్టరయ్యకు కనవడలేదా?"

"దానర్థం వేరే అవ్వా. సూది బెజ్జమంటే యెరూషలేంల ఒక చిన్న దర్వాజనట. ఒంటె మీది మూట దించి, మోకాళ్ల మీద వంచితే పోతదట."

"మంచిగున్నది. మరి నీ ఒంటె మూట దించిందా?"

నాకు నవ్వు ఆగలేదు. సామ్యేలు తలెత్తి నన్ను చూశాడు. "నువ్వెందుకు నవ్వుతున్నవ్ భాయ్?"

"ఏం లేదు సామ్యేలన్నా. మా ఖురాన్ల సుత ఆ ఒంటె ఉన్నది. మాదాంట్ల దేవుని మాట కాదని గర్వపడేటోని గురించి వచ్చింది. దర్వాజ సంగతి మాత్రం నేను ఇనలే."

మార్తమ్మ నవ్వలేదు. గొంతు తగ్గించింది.

"నీ ఇంటి మీద నాకు కోపం లేదు బిడ్డా. ఎండల తిరిగి సంపాయించుకున్నవ్. మీ అన్న రోజూ ఎనిమిదింటికి గీ దారినే సాంచల పనికి పోతడు. పన్నెండు గంటలు నిలవడ్తడు. ఒక్క ఆదివారం చర్చి తప్పడు. గాడు గిది సదివి ఏమనుకోవాలె? నాకు భక్తి తక్కువ, అందుకే దేవుడు ఇల్లియ్యలే అనుకోవాల్నా?"

"అన్న గట్ల అనుకోడే!"

ఆమె వెళ్లిపోయింది. "నువ్వు రాయి భాయ్, ఆదివారం దాక అయిపోవాలె" అన్నాడు సామ్యేలు.

నాకు అక్షరానికింత అని కూలి. వచనం పెద్దదైతే లాభం నాకే. అయినా నిచ్చెన దిగాను. బోర్డు రాసేవాడు పెయింట్ డబ్బా మూత తీసేముందు, చదివేవాడు నిలబడే చోటికి పోయి ఒకసారి చూసుకోవాలి. అదే మాట అన్నాను. "రేపు పొద్దుగాల రోడ్డు అవతలికెల్లి ఇద్దరం సూద్దామన్నా. గది నా పని కాయిదా, పద్ధతి." ఎనిమిదింటికని మాత్రం కావాలనే చెప్పాను.

మర్నాడు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ ముందు నిలబడ్డాం. సరిగ్గా ఆ వేళకు దావీదు సైకిల్ మీద వచ్చాడు. హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా. తమ్ముణ్ని చూసి కాలు కింద పెట్టి ఆగాడు. పెదవులు కదుపుతూ రెండు వరుసలూ చదివాడు.

"మంచిగ రాసిండు భాయ్" అన్నాడు. పెడల్ మీద కాలు పెడుతూ, "తమ్మీ, ఆదివారం నాకు షిఫ్ట్ పడ్డది. నేను రానట్టే అనుకో" అన్నాడు.

ఇంటి వైపు మళ్లీ చూడకుండా తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. ఆదివారం పూట ఆయన ఏనాడూ పనికి పోలేదని సామ్యేలుకు తెలుసు. సైకిల్ మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయాడు. నేను రోడ్డు దాటి నిచ్చెన ఎక్కబోతే ఆపి, తడిగుడ్డ అందుకొని తనే ఎక్కి అంతా తుడిచేశాడు.

మధ్యాహ్నం తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. "ఒంటె మాటనే రాయించాల్నా అవ్వా?"

"వద్దు. గది నీతోటి చెప్పిన మాట. గోడ మీద రాయిస్తే గది సుత గొప్పలకే అయితది. వచ్చినోళ్లకు శాంతి అని రాయించు, చాలు."

"మా సలాంకు సుత గదే అర్థం అవ్వా" అన్నాను. ఈసారి ఆమె నవ్వింది.

'వచ్చినవారికి శాంతి' అని రాశాను. రెండే మాటలు. నీలం అక్షరాలకు పసుపు షేడ్ వేశాను. షేడ్ అంటే అక్షరం పక్కన నీడలా వేసే రెండో రంగు. వచనం చిన్నదై కూలి తగ్గింది గాని, నా చేతి మీదుగా అంత తీరైన అక్షరం అంతకుముందు రాలేదు. గొప్ప కాదు, నిజం.

ఆదివారం నన్ను కూడా పిలిచారు. మార్తమ్మ పెద్దకొడుకు చెయ్యి పట్టుకొని వచ్చింది. సామ్యేలు ఎదురెళ్లాడు.

"అన్నా, షిఫ్ట్ ఉన్నదంటివి?"

"రద్దయింది తియ్" అన్నాడు దావీదు, చెప్పులు విడుస్తూ.

గ్రంథాల అర్థం చెప్పేంత చదువు నాకు లేదు. మంచి మాటే అయినా ఎవరి కళ్లెదుట రాస్తున్నామో చూసుకోకపోతే అది మనిషికి దెబ్బలా తగులుతుందని మాత్రం ఆ ఇంటి దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరైనా వచనమో శ్లోకమో రాయించుకోవడానికి వస్తే, మీ ఇంటి ముందు నుంచి రోజూ ఎవరెవరు పోతారని అడుగుతాను. కొందరు నవ్వుతారు. కొందరు ఇంటికి పోయి, మాట మార్చుకొని వస్తారు.