గేరు దింపకుండా ఎక్కిన గట్టు

“గేరు దింపవేంటే?” అన్నారాయన.

“అక్కర్లేదండీ, దానంతటదే ఎక్కేత్తంది” అన్నాను నేను.

మా ఇద్దరి మధ్యా ఆఖరుగా నడిచిన మాటలు ఇవే. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు, నేను మాట్లాడినవి ఆయనకి వినబడ్డాయో లేదో తెలియదు. ఏడేళ్లుగా ఈ రెండు మాటలూ నాలోనే పెట్టుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా అమ్మాయి కూతురికి రాజోలు దగ్గర బళ్లో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది, రోజూ వెళ్లిరావడానికి బండి కొనుక్కుంటానంటోంది. బండి తోలడం నేర్చుకుని మూడు నెలలే అయింది గాని, మనసు మాత్రం మూడొందల యాభై సీసీ బండి మీద ఉంది. వాళ్లమ్మ వద్దంటోంది, ఇది వినడం లేదు. రేపు పొద్దున్నే అమలాపురం షోరూముకి ప్రయాణం. నీ ఉద్దేశం ఏమిటమ్మమ్మా అని నన్నడిగితే, కాగితం కలం తెచ్చుకో, నేను చెప్పింది చెప్పినట్టు రాయి, అందులోనే నా ఉద్దేశం ఉంటుంది అన్నాను. నాకు వచ్చినవి నా పేరులో అక్షరాలే, సంతకానికి సరిపడా. అందుకని నోరు నాది, చేతిరాత దానిది.

నా ఈడు వాళ్లు ఇది వింటే ఒకటనుకుంటారు, ఆడది మోటారు సైకిలు తోలడమేమిటి, అదీ ఏభై దాటాక అని. తోలాలని తోలలేదమ్మా. మా ఆయన అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్లో కాటా దగ్గర పని చేసేవారు, బస్తా భుజానికెత్తి ఇన్ని కిలోలని చెబితే కాటా కూడా అదే చెప్పేది. అలాంటి మనిషికి మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు అమలాపురం ఆసుపత్రికి వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవాలి. సూదులు గుచ్చడానికి ఎడమ చేతికి ఆపరేషను చేసి, ఆ చెయ్యి మీద బరువు పెట్టకూడదన్నారు. బండికి క్లచ్చి ఉండేది ఆ చేతికే కదా, దాంతో ఆయన తోలడం అయిపోయింది. షేరు ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చునే ఓపిక లేదు, బస్సు కోసం కాలవ గట్టు ఎక్కి, వంతెన దాటి నడిచే ఓపిక అంతకన్నా లేదు. రెండు వారాలు అలా పడ్డాక, ఇక నేను రాను, ఎన్నాళ్లుంటే అన్నాళ్లు అని మంచానికి అడ్డం తిరిగి పడుకున్నారు. ఆ రోజు అనుకున్నాను, ఈయన్ని నేనే తీసుకెళతాను అని. చిన్నప్పుడు సైకిలు తొక్కిన కాళ్లే గదా ఇవి.

గేర్లు లేని స్కూటరు చూద్దామన్నారు ఎవరో, కాని దాని చక్రాలు చిన్నవి, అప్పటి మా గట్టు గోతుల్లో దిగబడిపోయేవి. మా మరిది గల్ఫు నుంచి సెలవుకొచ్చినప్పుడు కొని, మళ్లీ వెళుతూ షెడ్డులో పెట్టేసిన పెద్ద బండి ఒకటి ఉంది, ఈ పిల్ల అడుగుతున్నలాంటిదే, మూడొందల యాభై. నాకదే నచ్చింది. చేలకి నీళ్లు తోడే ఆయిలు ఇంజను చూసినదాన్ని, ఎంత పెద్ద ఇంజనయితే అంత సులువుగా లాగుతుందనే తెలుసు, ఇద్దరం ఎక్కుతాం కనక పెద్దదే ఉండాలనుకున్నాను. జీవితమంతా బరువులు తూచిన మా ఆయన కూడా ఆ మాటే అన్నారు. ఇంజను లాగే బరువు చూశాం గాని, బండి ఆగినప్పుడు నా కాళ్లు మొయ్యాల్సిన బరువు ఇద్దరిలో ఒక్కరం కూడా చూసుకోలేదు.

కోత కోసిన చేలో నెల రోజులు నేర్చుకున్నాను, మా అమ్మాయి పాత పంజాబీ డ్రెస్సు వేసుకుని. పక్కింటి వదిన దడి మీంచి చూసి, “ఏంటొదినా, కాలేజీలో గాని చేరేవా?” అంటే, “ఆయ్, మీ అన్నయ్యగారు చేర్పించేరు” అన్నాను. ఒంటరిగా బాగానే తోలాను. కాని ఆయన్ని ఎక్కించుకునే ముందు ఆయన బరువు అలవాటు కావాలి గదా. కొట్లో కాటా ఎక్కి తూచుకుంటే అరవై రెండు కిలోలున్నారు. సరిగ్గా అరవై రెండు కిలోల ఒలిచిన కాయలు బస్తాలో పోయించి, మూతి కట్టి, వెనక సీటుకి కొబ్బరితాడుతో బిగించి, ఇక తోలు, ఇది నేనే అనుకో అన్నారు.

ఆయన ముందుగా నడిచి వెళ్లి వంతెన పిట్టగోడ మీద కూర్చున్నారు. నేను గట్టు సగం ఎక్కేసరికి ఎదురుగా బాతుల మంద దిగింది. ఆపాను. ఆపితే నా బొటనవేళ్లు తప్ప పాదం నేలకి ఆనలేదు, బండి వెనక్కి జారడం మొదలెట్టింది, అంత ఇనుమునీ ఎవరు పట్టగలరు? అటు నేను, ఇటు బండి. బస్తా మూతి ఊడి కాయలన్నీ గట్టు మీంచి దొర్లుకుంటూ కాలవలో పడి, పిలకలు పైకి పెట్టుకుని వరసగా కొట్టుకుపోతున్నాయి. బాతులు వాటి మధ్య ఈదుతున్నాయి. పైనుంచి ఆయన కేక, “ఓరి నాయనోయ్, కొట్టుకుపోయేది నేనేనర్రా! ఎవరన్నా నన్ను పట్టండర్రా!” రేవులో వాళ్లు నవ్వుతూనే దిగి కాయలు పట్టారు. మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తున్నదాన్ని, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. ఆ బస్తాలో నిజంగా ఆయనే ఉంటే?

పెద్ద బండి మళ్లీ షెడ్డుకి చేరింది. ఉత్తరాలు పంచి పంచి పదవీ విరమణ చేసిన ఒకాయన తన పాత బండి అమ్ముతున్నారని తెలిసి వెళ్లాం. వంద సీసీ. మా ఆయన సీసీలు అడగలేదు, మైలేజీ అడగలేదు. ముందు నన్ను కూర్చోబెట్టి మడమలు రెండూ నేలకి ఆనాయో లేదో వంగి చూశారు. తర్వాత బండిని ఇసకలో పక్కకి పడేసి, లేపు అన్నారు. ఆ పెద్దాయన లబోదిబోమని, “కొనుక్కోడానికొచ్చేరా, పడెయ్యడానికొచ్చేరా అండీ?” అన్నారు. లేపాను. ఆ తర్వాత కాయల బస్తా కట్టించి, గట్టు మధ్యలో ఆపించి, మళ్లీ కదిలించమన్నారు. బండి మూలిగింది గాని వెనక్కి జారలేదు. ఇదే నీ బండి అన్నారు. అంత అనారోగ్యంలో ఉండి, పొద్దుటి నుంచీ ఎండలో నిలబడి, తనని మోసే బండి కాదు, నేను మొయ్యగలిగే బండి చూశారాయన.

రెండేళ్లు, వారానికి మూడుసార్లు, వానైనా ఎండైనా, ఒక్కసారి కూడా ఆయన్ని పడెయ్యలేదు. గట్టు మొదట్లో ఆయన నా చెవి దగ్గర “గేరు దింపు” అనేవారు, నేను ఆయ్ అనేదాన్ని, రెండో గేరులో మూలుగుతూ ఎక్కేవాళ్లం. వరి ఊడ్పులూ కోతలూ కొబ్బరి దింపులూ అన్నీ ఆ వెనక సీటు మీంచే చూసి నాకు చెప్పేవారు. నలభయ్యేళ్ల కాపురంలో మేం అంత దగ్గరగా కూర్చుని అన్ని కబుర్లు చెప్పుకున్నది లేదు.

ఆ ఆఖరి రోజు మాత్రం బండి మూడో గేరులోనే, మూలక్కుండా ఎక్కేసింది. నాకు తోలడం బాగా వచ్చేసిందని మురిసిపోయి ఆ మాట అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసుకున్నారు. ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టి లోపలికి తీసుకెళ్లారు, అంతే. పెద్దకర్మ అయ్యాక ఒకరోజు ఒంటరిగా ఆ గట్టు ఎక్కితే, మూడో గేరులో బండి అచ్చం అలాగే ఎక్కింది. అప్పుడు తెలిసింది నాకు, ఆ రోజు నా వెనక ఎంత మనిషి మిగిలి ఉన్నాడో. బరువులు తూచిన మనిషికి ఆ పూటే తెలిసి ఉంటుంది. పెద్ద ఇంజనయితే అరవై రెండు కిలోలయినా ఒకటే, ముప్ఫయి అయినా ఒకటే, ఏనాటికీ నాకు చెప్పేది కాదు.

ఇప్పుడు గట్టంతా సిమెంటు రోడ్డు, ఏటవాలు కూడా తగ్గించేశారు. కొత్త బళ్లకి ఏ గేరులో వెళ్లాలో మీటరు అద్దంలో బొమ్మ వస్తుందట. మంచిదే. మాకు ఆ బొమ్మ లేదు, చెవి దగ్గర ఒక గొంతు ఉండేది, ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

బంగారూ, రేపు నువ్వు ఏ బండి కొన్నా నేను అడ్డు చెప్పను. మడమలు ఆనాయో లేదో చూసుకో, పడితే ఒక్కదానివే లేపగలవో లేదో చూసుకో. బస్తా కట్టుకెళ్లమని అనను, షోరూము వాళ్లు తరుముతారు. అదేమిటి, రాయడం ఆపి ముక్కు ఎగబీలుస్తున్నావు? కళ్లు తుడుచుకో. ఏదీ, మొదటి నుంచీ ఓసారి చదివి వినిపించు. ఆయన మాట చదివాక వెంటనే నా మాటకి వెళ్లిపోకు, కాసేపు ఆగు.