మల్లయ్యతో విమానం ఎక్కాల్సిన మందు

కోవిడ్ జోరు తగ్గిన మరుసటి ఏడాది, ఎండలు ముదిరిన ఒక గురువారం. కువైట్‌లో ఒక పెద్ద ఆసుపత్రి ఫార్మసీలో అప్పటికే చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు. గురువారం మధ్యాహ్నం దాటితే పెద్ద డాక్టర్లు ఒక్కొక్కరే జారుకుంటారు. మిగిలేది రెసిడెంట్లు, అంటే డాక్టరు చదువు ముగించి, స్పెషలిస్టులు కావడానికి ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునేవాళ్లు. నాకు గురువారమంటేనే గుండె దడ. "దీనికి పెళ్లి భోజనం దగ్గర కూడా కంగారే" అనేది అమలాపురంలో మా అమ్మ. ఫార్మసిస్టుకి ఆ మాత్రం కంగారు ఉండాలిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను.

ఆ రోజు మల్లయ్యను వీల్‌చెయిర్‌లో నా కిటికీ దగ్గరకు తెచ్చినవాడు అతని రూమ్మేట్ రాజన్న. ఇద్దరిదీ జగిత్యాల వైపు. ఫర్వానియాలో ఒకే గదిలో ఉంటూ బిల్డింగు పనికి వెళ్లేవాళ్లు. మల్లయ్యకు క్యాన్సర్ వెన్నెముకలోకి పాకింది. ఇక్కడ చేసేదేమీ లేదని తేలాక కంపెనీ అతని ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, క్యాన్సిల్ చేయించి, ఆ సాయంత్రమే హైదరాబాద్ విమానానికి టికెట్ తీసింది. అది తప్పితే మళ్లీ ఎప్పుడని చెప్పేవాళ్లు లేరు. వార్డులో పొద్దున ఇచ్చిన ఇంజెక్షన్ బలం తగ్గిపోతోంది. దారికీ, ఊరు చేరి డాక్టరును పట్టుకునేదాకా సరిపడే మార్ఫిన్ మాత్రలు నేనివ్వాలి.

చీటీ మీద సంతకం రెసిడెంట్ డాక్టర్ నూరాది. మా జాబితాలో ఆ పేరు వెతికాను, లేదు.

మార్ఫిన్ లాంటివి కంట్రోల్డ్ డ్రగ్స్. అలవాటుపడే ప్రమాదం, దొంగచాటుగా అమ్ముకునే ప్రమాదం ఉన్న మందులు. వాటిని ఇంటికి రాసివ్వాలంటే డాక్టరు పేరు ముందే రిజిస్టర్ అయి ఉండాలి, సంతకం నమూనా మా దగ్గర ఉండాలి. నూరాకి రిజిస్ట్రేషన్ లేకపోలేదు. కానీ అది ఆమె అంతకుముందు శిక్షణ పొందిన ఆసుపత్రి పేరుమీద ఉంది. రెసిడెంట్లు కొన్ని నెలలకోసారి ఆసుపత్రి మారతారు, రిజిస్ట్రేషన్ మాత్రం వాళ్ల వెంట నడిచి రాదు. కొత్తదానికి ఆమె పెట్టుకున్న దరఖాస్తు ఇంకా తేలలేదు. పాతదే చెల్లుతుందనుకుని రాసేసింది.

ఫోన్ చేస్తే పరుగెత్తుకుంటూ వచ్చింది. కువైటీ అమ్మాయి, మిష్రిఫ్‌లో ఇల్లు. తప్పు తెలియగానే ముఖం తెల్లబోయింది. అక్కడే తన కన్సల్టెంటుకు, అంటే ఆమె పైనున్న పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి, నా చేతికిచ్చింది. ఆయన అప్పటికే కుటుంబంతో విమానాశ్రయంలో ఉన్నారు.

"నా స్టాంపు డ్రాయర్‌లో ఉంది. నూరా వేస్తుంది, నువ్వు మందివ్వు. నేను చెప్తున్నానుగా, ఖలాస్!"

"డాక్టర్, కాసేపట్లో మీరు దేశంలోనే ఉండరు. ఈ చీటీ పట్టుకుని రోగి కస్టమ్స్ దాటాలి" అన్నాను.

"నువ్వు నాకు నేర్పుతున్నావా? ఆదివారం మీ మేనేజరుతో మాట్లాడతాను" అని పెట్టేశారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇస్తే అది కొరివితో తల గోక్కోవడమే. తల నాదైతే నాదనుకోవచ్చు, విమానాశ్రయంలో మార్ఫిన్‌తో దొరికేది మల్లయ్య. ఇవ్వకపోతే ఆ ఎముకల నొప్పితో విమానం ఎక్కేదీ అతనే.

రాజన్న కిటికీలోకి వంగి గుసగుసగా అన్నాడు. "అక్కా, మా రూమ్‌కాడ ఒకనితాన గసొంటి గోలీలు దొరుకుతయంట. పోయి తేవాల్నా?"

"అయ్యబాబోయ్, ఆ మాటనకండి అన్నయ్యా! ఆ మాత్రల్లో ఏం కలిపారో ఏంటో! పట్టుబడితే మీరిద్దరూ లోపలికెళ్తారండీ."

"మరి గిట్ల సూసుకుంట కూసోవాల్నా అక్కా? పాణం వోతున్నట్టు ఒర్రుతుండు."

మల్లయ్య నిజానికి అరవడం లేదు. పళ్ల మధ్య కరిచిపెట్టుకున్న తువాలు తీసి, నావైపు చూసి, "పర్వలేదు మేడం, మీ కొలువు సూస్కోండ్రి" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

కిటికీ పక్కమ్మాయికి అప్పగించి, నూరాతో కలిసి లిఫ్ట్ ఎక్కాను. రిజిస్టరైన డాక్టర్లలో ఆ వేళకు ఆసుపత్రిలో ఉన్నది ఒక్కరే, మత్తు డాక్టరు అద్నాన్. ఆయన ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నారు. తలుపు బయట నిలబడ్డాం. లోపల ఆపరేషన్ ఎంతకీ అవదు. నూరా గోళ్లు కొరుకుతోంది, నేను గడియారాన్ని తిట్టుకుంటున్నాను. రాజన్న రెండుసార్లు ఫోన్ చేశాడు, రెండోసారి వెనక మల్లయ్య మూలుగు కూడా వినిపించింది.

బయటికొచ్చిన అద్నాన్ మొత్తం విని విసుక్కున్నారు. "చూడని రోగికి నేను రాయను."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన టోపీ కూడా తీయకుండా, "యల్లా, పదండి, ఎక్కడున్నాడు?" అంటూ మాకంటే ముందు లిఫ్ట్ వైపు నడిచారు.

వీల్‌చెయిర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, వచ్చీరాని హిందీలో "కిత్నా దర్ద్?" అని అడిగారు. మల్లయ్య చేయెత్తి, ఎంతని చూపించాలో తెలియక దించేశాడు. అద్నాన్ ఫైలు మొత్తం చదివారు, నడుము నొక్కి చూశారు, నూరా రాసిన మోతాదు సరైనదేనన్నారు. కొత్త చీటీ, ప్రయాణానికి రిపోర్టు స్వయంగా రాసి సంతకం పెట్టారు. మొదటి మాత్ర మల్లయ్య నా ముందే మింగాడు.

సాయంత్రం విమానాశ్రయం నుంచి ఫోన్ వచ్చింది. కస్టమ్స్ అధికారి. "ఈ డాక్టరుకు రాసే హక్కు ఉందా? రోగిని చూశాడా?" ఉందన్నాను, చూశారన్నాను. డాక్టరుతోనే మాట్లాడాలన్నాడు. కాల్ థియేటర్‌లో ఉన్న అద్నాన్‌కి కలిపాను. కన్సల్టెంటు స్టాంపే వేసుంటే ఆ ఫోన్‌కు ఎవరు పలికేవారు? చాలాసేపటికి, మల్లయ్యను దింపడానికి వెళ్లిన రాజన్న ఫోన్ చేసి, "పోనిచ్చిన్రక్కా" అన్నాడు.

కన్సల్టెంటు అన్నంతపనీ చేశారు, నాకు చీవాట్లు పడ్డాయి. కొన్ని వారాల తర్వాత రాజన్న ఆసుపత్రికి వచ్చి, మల్లయ్య పోయాడని చెప్పాడు. "ఇంటికాడ మంచిగ మాట్లాడిండంట అక్కా. బిడ్డను పక్కకు కూసోవెట్టుకొని అన్నం దిన్నడంట. నొప్పి సంగతే ఎత్తలేదంట."

రూల్ పాటించానని గొప్పలు చెప్పుకునే ముఖం నాకు లేదు. ఆ రూల్ ఖరీదు కట్టింది నేను కాదు, తువాలు కరుచుకుని కూర్చున్న మల్లయ్య. 'కుదరదు' అనడం నా ఉద్యోగంలో సగమే, కుదిర్చే మనిషిని వెతికి పట్టుకురావడం మిగతా సగమని ఆ రోజే తెలిసింది. అందుకే ఇప్పుడు బుధవారమే వార్డులకెళ్లి, ఈ మందులతో ఇంటికి వెళ్లేదెవరో, వాళ్లకు రాయగలిగే డాక్టరెవరో అడిగొస్తాను. కొందరు రెసిడెంట్లు నన్ను చూసి నవ్వుకుంటారు. నూరా మాత్రం నవ్వదు, రోగి పేరు చెప్పి, "పద, నేనూ వస్తాను" అంటుంది.