నేల తాకని ఇప్పపువ్వు

మా అత్తమ్మ చేతికి అగ్గిపెట్టె ఇస్తే అడవిలో ఒక్క ఎండుటాకు మిగలదు. ఇప్పపువ్వు రాలే రోజులు రాగానే చెట్టు కింద నిప్పు పెట్టేది. కాలిన నేల మీద పువ్వు కొట్టొచ్చినట్టు కనబడుతుందని మా ఊళ్లో అందరిదీ అదే పద్ధతి. కనబడటం నిజమే. పువ్వుతోపాటు మసి, ఇసుక కూడా ఇంటికొచ్చేవి. సంతలో కొనేవాడు గుప్పెడు తీసి చూసి మొహం చిట్లించేవాడు. ఆ మొహం చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు మా ఆడవాళ్ల సంఘానికి ఒక అవకాశం వచ్చింది. ఇప్పపువ్వు లడ్డూలు చేసి తెస్తే తిని చూసి చెబుతానని నర్సంపేటలో ఒక ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ అంది. పళ్ల కింద ఇసుక తగిలితే మాత్రం వద్దంది. ఆ పని దొరికితే ఏటా ఇంటికి తాళం వేసి, పిల్లల బడి మాన్పించి, ఖమ్మం దిక్కు మిర్చి ఏరబోయే బాధ తప్పుతుంది. నాకు అంతకన్నా కావలసింది లేదు.

"ఈసారి నేల కాల్చద్దు అత్తమ్మా" అన్నాను.

"నాకు పువ్వు ఏరుడు నేర్పుతాన్నవా? మీ అవ్వగారింట్ల ఒక్క ఇప్పచెట్టన్న ఉన్నదా?" అంది.

లేదు. మావి పరకాల దగ్గర పత్తిచేలు. అయినా రోషమొచ్చింది. వడ్లు ఆరబోసే టార్పాలిన్ పట్టుకెళ్లి చెట్టు కింద పరిచాను. తెల్లారేసరికి దాని నిండా పువ్వే. నా అంత తెలివైనది లేదనుకుని, ఇంటికొచ్చి పని ముగించుకుని తీరిగ్గా ఎత్తుకురావడానికి వెళ్లాను. అప్పటికి ఎండెక్కింది. ప్లాస్టిక్ మీద నీరు దిగే దారిలేక పువ్వంతా చెమర్చి, పులిసి, ఈగలు ముసిరాయి. అక్కడే కూలబడి ఏడ్చాను.

వెనకే వచ్చిన అత్తమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా. "పచ్చి పువ్వుకు గాలి ఆడాలె. గింత తెల్వదా?" అంటూనే ఇంటికెళ్లి తన పాత నూలు చీరలు నాలుగు తెచ్చింది. చెట్టు చుట్టూ గుంజలు పాతి, మోకాలెత్తున ఆ చీరలను పరిచి కట్టింది. ముడులు నన్ను వేయనివ్వలేదు.

మర్నాడు మొదటి వెలుగుకే ఇద్దరం అక్కడున్నాం. అత్తమ్మ చీరలోంచి ఒక పువ్వు తీసి వేళ్ల మధ్య నలిపి, వేళ్లు చూసుకుంది. మసి లేదు. నోట్లో వేసుకుంది. గంప దగ్గరికి లాక్కుని ఎత్తడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి ఊళ్లో ఏ దండెం మీదా పాత చీర కనబడలేదు, అన్నీ అడవిలోనే.

ఎండిన పువ్వును వేయించి, బెల్లం, పల్లీలు వేసి దంచి లడ్డూలు చుట్టాం. హాస్టల్లో వార్డెన్ మేడం ఒకటి కొరికి మెల్లగా నమిలింది. రెండోది తీసుకుంది.

అత్తమ్మ ఆగలేకపోయింది. "ఇసుక తగిలిందా మేడం?"

"లేదమ్మా."

"తగలదు. నేల ముట్టని పువ్వది. నా కోడలు పట్టువట్టి చేయించింది."

పెళ్లయ్యాక ఆమె నోట నా గురించి మంచి మాట వినడం అదే తొలిసారి. వారంవారం తెమ్మని మేడం చెప్పింది. బస్టాండుకు రాగానే అత్తమ్మ నా ఫోన్ లాక్కుని, మిర్చికి మనుషులను తోలుకుపోయే మేస్త్రీకి కలపమంది.

"వచ్చే ఏడు మేం రాం కొడుకా" అని అరిచింది. "మా పిల్లలకు బడి ఉన్నది."

బస్టాండంతా మావైపే చూసింది. చూడనీ అనుకున్నాను.