పళ్ళెం కావాలి, బిడ్డ వద్దు

“నీ బిడ్డ పక్కకు నిలబడాలె, గంతే. హారతి పట్టేది ముత్తైదువలు,” అన్నాడు ఉపదేశి.

“గుడిల మరియమ్మ ముత్తైదువనా? యోసేపు పోయినంక ఆమె ఏమైంది? పో, ముందుగాల ఆ బొమ్మను పక్కకు జరిపి రా. అటెన్క నా బిడ్డకు చెప్పు,” అన్నాను నేను.

“ఏందమ్మా, దేవుని తల్లితోని పోటీ పెడ్తున్నవా?”

“పోటీ పెట్టింది నేనా, నువ్వా? ప్రతి ఐతారం ఆమె ముంగట మోకాళ్ళ మీద పడేది నువ్వే గదా!”

మా జహనుమా బస్తీ నుంచి నడిచిపోయేంత దూరంలో ఫాదర్ల కాలేజీ ఒకటి ఉండేది. అప్పటికి పూజ లాటిను వదిలి తెలుగులోకి వచ్చి కొన్నేళ్ళే అయింది. గుడిలో హారతి పట్టడం, వచ్చినవాళ్ళకు బొట్టు పెట్టడం అన్నీ కొత్తగా మొదలయ్యాయి. కాలేజీకి కొత్త ప్రిన్సిపాల్ ఫాదర్ వస్తున్నారు, ఆయనకు గేటు దగ్గరే హారతి పట్టి లోపలికి తీసుకుపోవాలన్నారు. మా బిడ్డ అక్కడే హాస్టల్ వంటింట్లో పనిచేసేది. గొంతు బాగుంటుంది. హారతి పాట ఆడవాళ్ళందరికీ నేర్పింది ఆమే. కాబట్టి పళ్ళెం కూడా ఆమే పట్టాలని హాస్టల్ చూసే సిస్టరమ్మ చెప్పింది. అల్లుడు పోయాక మా బిడ్డ నలుగురి ముందు నిలబడబోయేది అదే మొదలు. పెట్టె అడుగు నుంచి పెళ్ళినాటి చీర తీసి ఎండలో ఆరేసింది.

ఆ చీరకు పెట్టె వాసన పోకముందే ఉపదేశికి ఆచారం గుర్తుకొచ్చింది. గుడిలో జపాలు చెప్పించి, పిల్లలకు సత్యోపదేశం నేర్పే మనిషి. నేను చదివింది రెండో తరగతి. జపాల పుస్తకం కూడబలుక్కుని చదువుతాను. మొగుడు పోయినది పక్కకు జరగాలని అందులో నాకెక్కడా కనబడలేదు.

మా అరుపులకు సిస్టరమ్మ హాస్టల్లోంచి బయటికొచ్చింది. కోస్తా మనిషి, మాట మెత్తన.

“ఈ ఒక్కసారికి సర్దుకోండి అమ్మా. పెద్దవాళ్ళు పట్టింపు అంటున్నారు. మీ అమ్మాయి వంటింటి గుమ్మంలోంచి పాట ఎత్తుకుంటే ఇక్కడ వీళ్ళు అందుకుంటారు. వినబడుతుందిలెండి.”

“గొంతు పనికొస్తది, మనిషి పనికిరాదు. గంతేనా సిస్టరమ్మా?”

ఆమె జపమాల పూసలు చూసుకుంది. మధ్యలో ఉపదేశి అందుకున్నాడు. “పోనీ, పళ్ళెం నువ్వే పట్టరాదూ. పెద్దాయన సల్లగున్నడు గద, నీకేం అడ్డం?”

నాకు ఒళ్ళు మండిపోయింది. నా బిడ్డను నెట్టేసి ఆ జాగాలో నన్ను నిలబడమంటాడా!

“మా ముసలాయన దగ్గుకుంట మంచంల ఉన్నడు. రేపు ఆయన పోతే ఎల్లుండి నా చేతులకెల్లి గూడ గుంజుకుంటవా?”

ఆ ఇత్తడి పళ్ళెం మాది. నా పెళ్ళికి మా నాయన కార్వాన్ బజార్లో కొన్నది. చింతపండు దండగని, పులుసు పిండిన పిప్పి దాచి దానితోనే తోముతాం. ఎవరడిగినా ఇచ్చేదాన్ని కాదు. బిడ్డ పట్టుకుంటుందని ఇచ్చాను. బల్ల మీది నుంచి తీసి చంకన పెట్టుకున్నాను.

“గిది గూడ నా బిడ్డ తోమిన పళ్ళెమే. మీ కొత్త ఫాదర్‌కు మైలైతది.”

దారి పొడుగునా అదే కోపం. ఆమె వండిన అన్నం ఉపదేశి తిన్నాడు, సిస్టర్లు తిన్నారు, ఫాదర్లు తిన్నారు. అన్నం దగ్గర ఆ చేతికి మైల లేదు. కర్పూరం దగ్గరికి వచ్చేసరికే మైల అంటిందా?

సాయంత్రం బిడ్డ వచ్చి నా మీదే విరుచుకుపడింది. “లొల్లి పెట్టుమని నీకెవ్వరు చెప్పిన్రు? ఆ వంటింట్లకు రోజు పోయేది నువ్వా, నేనా?” చీర మడిచి మళ్ళీ పెట్టె అడుగున పెట్టేసింది. ఆ కోపంలో నేను కూరలో రెండుసార్లు ఉప్పు వేశాను. పారబోయడానికి మనసొప్పక అదే అందరికీ వడ్డించాను.

మర్నాడే ఫాదర్ వచ్చే రోజు. పొద్దున లేచేసరికి పళ్ళెం లేదు. బిడ్డ తీసుకుపోయింది. నేను కొంగు బిగించి కాలేజీకి పోయాను. పళ్ళెం ఉపదేశి పెళ్ళాం చేతిలో ఉంది. కారొచ్చి ఆగింది. కొత్త ఫాదర్ దిగి, చేతులు జోడించి నిలబడ్డారు. ఆడవాళ్ళు పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. ఉపదేశి వంటింటి వైపు చెయ్యి ఊపాడు. గుమ్మంలో మా బిడ్డ చేట ముందర పెట్టుకుని బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. ఉపదేశి మళ్ళీ ఊపాడు. ఆమె రాయి ఒకటి ఏరి బయటికి విసిరింది. పాట ఎత్తుకునే మనిషి లేక ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉపదేశి తనే మొదలుపెట్టి, గొంతు అందక ఆగిపోయాడు. పళ్ళెం ఉత్తగానే తిరిగింది. ఫాదర్ హారతి కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళారు.

జనం కదిలాక మా బిడ్డ లేచి వచ్చింది. ఉపదేశి పెళ్ళాం చేతిలోంచి పళ్ళెం తీసుకుని, నల్లా కింద మసి కడిగి, నాకిచ్చింది.

“ఇంటికి పో అమ్మా. బాపు ఇంక చాయ్ తాగలేదు,” అని, ఎసరు చూడటానికి లోపలికి పోయింది.