మిషనుకి చుట్టిన బొంత

ఆ రోజుల్లో అరకులో చలి చలిలాగే ఉండేది. (ఇప్పుడూ ఉందనుకోండి, కాకపోతే ఇప్పుడు దాని కోసం జనం డబ్బులిచ్చి మరీ వస్తున్నారు.) అప్పట్లో రగ్గులు ఎవరు కొనగలరు? పాత చీరలు పొరలు పొరలుగా పరిచి కుడితే బొంత, చలికి అదే మందు. మా చుట్టుపక్కల ఊళ్ల బొంతలు చాలావరకు నేనే కుట్టేదాన్ని కాబట్టి నాకో కుట్టుమిషను కావాలి. ఇక్కడిదాకా న్యాయమే. కానీ నాకు ఒక్క మిషనుతో ప్రాణం ఊరుకునేది కాదు. ఇంట్లో ఉన్నదాని మీద మోజు తీరకముందే సంతలో ఇంకోటి రా రమ్మని పిలిచేది. పసుపు కొమ్ములిచ్చి ఒకటి తెచ్చాను, దానికి కోడిపుంజును జతచేసి ఇంకోటి తెచ్చాను. "ఇది దారం తినేస్తోంది", "దీని చప్పుడుకి తలనొప్పి వస్తోంది" అని రోజుకో వంక. మా ఆయనకి జీపుంది, సంతకి జనాన్ని తిప్పేవాడు. "జనాలెక్కాల్సిన జీపులో నీ మిషన్లే తిరుగుతున్నాయే, ఒక్కటీ టిక్కట్టు కొనదు!" అని మొత్తుకునేవాడు పాపం.

ఆ ఏడాది చైత్రంలో మా ఆడపడుచుకి నెలలు నిండాయి. మా ఇంట్లో బిడ్డ పుడితే మొదట పడుకోబెట్టేది అమ్మమ్మ చీరతో కుట్టిన బొంత మీదే. మా అత్త తన పెళ్లినాటి ఎర్రంచు చీర ట్రంకుపెట్టెలోంచి తీసి, ఒకసారి ముఖానికి ఆనించుకుని, నా చేతిలో పెట్టింది. "ఇది మా అయ్య కొన్నాడే. పేనంలాగ దాసుకున్నాను. గుంట పురుడు పోసుకునేలోపల బేగి కుట్టీ. ఈలోపల మళ్లీ మిషనూ గిషనూ అన్నావంటే నానూరుకోను, సెప్తన్నాను" అంది. నేను నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టేశాను. నాలుగు రోజుల్లో బొంత కుట్టేశాను కూడా. ఆ ఒట్టు సంత రోజుదాకా బ్రహ్మాండంగా నిలబడింది.

సంతకి వెళ్లింది మిషను మార్చడానికి కాదు, దేవుడి తోడు! చేతిమిషను పిడి వదులైతే బిగించుకురావడానికి. జీపులో గతుకులకి దెబ్బ తగలకుండా చేతికందిన గుడ్డ దానికి చుట్టి కట్టాను. తీరా అక్కడ ఏముంది? చుట్ట కాలుస్తూ ఒక అవ్వ, ఆమె ముందు ఒక మిషను. నల్లగా నిగనిగలాడుతూ, ఒంటినిండా బంగారు రంగు పూలతీగలు. పిడి తిప్పితే చప్పుడే లేదు! నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. "మరీ తేలికమ్మా ఇది, కుడతంటే ఊగిపోతంది. మా కోడలికి బరువైంది కావాల" అంది చుట్టవ్వ. నాది ఇనపముద్ద. ఇంకేం కావాలి? మాట కలిసింది, ఏ ఊరంటే ఏ ఊరని చెప్పుకున్నాం, మారకం అయిపోయింది. అవ్వ నా మూటని మూటలాగే నెత్తికెత్తుకుని చక్కా పోయింది.

మర్నాడు ఇంట్లో, మా ఆయన లుంగీ నాలుగు మడతలు పెట్టి కొత్తమిషను కింద తోశాను. టప్పుమని సూది విరిగింది. ఇంకో సూది పెట్టాను, అదీ టప్పుమంది. జాకెట్లకి సరిపోయే సుకుమారం మరి! నా పాతదైతే ఎర్రంచు బొంత మడతల్ని కూడా గటగటా కుట్టేసింది అనుకుంటూ, అన్నట్టు ఆ బొంత ఏదీ అని చుట్టూ చూశాను. లేదు. మంచం కింద లేదు, అటక మీద లేదు. అప్పుడు గుర్తొచ్చింది. మిషనుకి చుట్టిన ఆ చేతికందిన గుడ్డ! సరిగ్గా అప్పుడే అత్త గుమ్మంలోకొచ్చి, "గుంటకి నొప్పులు మొదలయ్యాయట. బొంత ఏదే?" అంది. నా మొహం చూసింది, పూలతీగల మిషను చూసింది. వెళ్లి జీపులో ముందు సీట్లో కూర్చుంది. అరిచినా బాగుండేది.

పూలతీగల మిషను గోనెలో కట్టి, చుట్టవ్వ ఊరికి బయల్దేరాం. ఇటుకల పండగ రోజులవి. మగాళ్లు వేటకి పోతారు, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు పెట్టి బళ్లాపి చిల్లర అడుగుతారు. వేటకెళ్లి ఉత్తచేతుల్తో తిరిగొచ్చినవాడి మీద పేడనీళ్లు పోస్తారు. హడావిడిలో మా ముగ్గురి దగ్గరా పైసా లేదు. ఆడవాళ్లు జీపులోని మూట చూసి, "వేట దొరికిందేటి?" అన్నారు. మా ఆయనకి నోరూరుకోదు కదా, "ఆఁ, అడవిపంది!" అన్నాడు. వాళ్లు గోనె విప్పారు. కుట్టుమిషను! "ఓలమ్మో, ఈడు మిషన్ని ఏటాడాడే!" అని ఒకటే కేకలు, ఆ వెంటనే కుండెడు పేడనీళ్లు మా ఆయన నెత్తిమీద. నేను నవ్వాపుకోలేక చస్తున్నాను, అత్త పక్కనుండగా నవ్వితే ఇంకేమైనా ఉందా అని కొంగు నోట్లో కుక్కుకున్నాను. అంతలో పక్కనుంచి కిసుక్కుమంది. అత్తే! పగలబడి నవ్వింది. చిల్లర లేదు గనక ధింసా ఆడి వెళ్లమన్నారు. అత్త చీర ఎగ్గట్టి నడుములు పట్టుకున్న వరసలో కలిసిపోయింది. "ఏటలా సూత్తన్నావు? బేగి ఆడు, ఎల్లాల!" అని నన్నూ లాగింది. పేడ కంపుతో మా ఆయన, ఆయాసంతో మేమిద్దరం, మళ్లీ జీపెక్కాం.

చుట్టవ్వ ఇంట్లో అడుగుపెట్టగానే బొంత కనబడింది. ఎర్రంచు పైకి ఉంది. దాని మీద పిడికెడంత పిల్లాడు, అప్పుడే పుట్టినవాడు, గుప్పెళ్లు బిగించి నిద్రపోతున్నాడు. "తెల్లారే పుట్టాడమ్మా. నువ్వు చుట్టిచ్చిన బొంత సమయానికి దేవుడిచ్చినట్టు అందింది" అంది అవ్వ. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అత్త ఆ పిల్లాడి పక్కన కూలబడి, ఎర్రంచు మీద చెయ్యి పెట్టి, సంగతంతా అవ్వకి తనే చెప్పింది. అవ్వ గతుక్కుమని పిల్లాడిని ఎత్తబోయింది. "ఒగ్గీ అప్పా, ఒగ్గీ. పడుకున్న గుంటడిని లేపుతావేటి? ఆడికే ఉండనీ" అంది అత్త. అంచు మీది చెయ్యి మాత్రం తియ్యలేదు.

అవ్వ కాసేపు చుట్ట పీల్చి, లోపలికి వెళ్లి, మడతపెట్టిన పాత చీర ఒకటి తెచ్చింది. "ఇది నా పెళ్లిది. నీ చీర మీద నా మనవడు పడుకున్నాడు, నా చీర మీద నీ కూతురి బిడ్డ పడుకోవాల" అంది. మా అత్త చీరని రెండు చేతులా అందుకుని, కళ్లు తుడుచుకుని, వెంటనే నాకేసి తిరిగింది. "ఆ ఇనపముద్ద ఎనక్కి తీసుకోయే. ఈ తీగల మిషనుతో బొంత కుట్టగలవేటి?" బరువైంది కావాలన్న అవ్వ కోడలికి ఒక్కరోజులోనే తన తీగల మీద బెంగ పుట్టిందట, మూలనున్న ఇనపముద్ద మళ్లీ నాదైంది. అలా, నా జన్మలో చేసిన బేరాలన్నిట్లోకీ గొప్ప బేరం మా అత్త చేసింది. ఆడపడుచుకి ఆడపిల్ల. అది కళ్లు తెరిచేసరికి చుట్టవ్వ చీర బొంతై దాని కింద ఉంది.

అత్తా లేదు, చుట్టవ్వా లేదు ఇప్పుడు. మొన్న చలికాలం ఒక మీసాలవాడు చంకలో మూటతో వచ్చాడు. "బొంతకి మా అవ్వ తొడిగిన పైగుడ్డ చిరిగిపోయింది పెద్దమ్మా, మా అమ్మ మళ్లీ కుట్టించుకు రమ్మంది" అన్నాడు. విప్పితే లోపల ఎర్రంచు, కాస్త వెలిసి, చెక్కుచెదరకుండా. అత్త ఎదురుగా వచ్చి కూర్చున్నట్టయింది. చాలాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకుని నిమిరాను. "కుడతాలే నాయనా" అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే నేనెందుకవుతాను!

"మీ ఇంట్లో ఆ పూలతీగల మిషను ఇంకా ఉందా? మీ అమ్మకి మార్చే ఉద్దేశం ఏమైనా..."

లోపలి గదిలో బొంత ముసుగులోంచి మా ఆయన కేక వినబడింది.

"జీపమ్మేశానే!"