ఆకుపచ్చ పని, ఎర్ర పని

మనిషి పని చేస్తున్నాడో లేదో పక్కనున్న మనిషి చూసి చెప్పే కాలం పోయి, కంప్యూటర్ చూసి చెప్పే కాలం మా సిరిసిల్లకు అప్పుడప్పుడే వస్తోంది. నేను తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టి (బడి కూడా నాకు తిరిగి దండం పెట్టింది, అది వేరే కథ) రోజూ కోనరావుపేట నుంచి బస్సెక్కి ఒక చీరల ఆఫీసుకు పోతుండేవాణ్ని. కింద సాంచెలు, అంటే మరమగ్గాలు, పొద్దంతా దడదడలాడుతుంటే పైన మేం ముగ్గురం కంప్యూటర్ల ముందు కూర్చొని ఊళ్లలోని దుకాణాలకు చీరలు అమ్మేవాళ్లం. అందులో నా పని టీవీ సీరియళ్లు చూడటం. నవ్వకండి. సీరియల్లో పెద్ద కోడలు ఏ అంచు చీర కడితే దుకాణాలవాళ్లు వెంటనే అదే కావాలంటారు. యూట్యూబ్‌లో ఆ ముక్కను ఆపి ఆపి చూసి, అంచు బొమ్మ గీసి, కింద మేస్త్రీకి ఇవ్వాలి. ఏడుస్తున్న కోడలి ముఖం వదిలేసి ఆమె కొంగు మీదే చూపు నిలపడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది.

నా పక్క కుర్చీ ఆపాది. ఆపా అంటే ఉర్దూలో అక్క. ఇంట్లో ఉర్దూ, ఆఫీసులో మా అందరికన్నా తీయని తెలుగు. వాళ్లింట్లో ఉద్యోగమంటూ ఉన్నది ఆమెకొక్కదానికే. జగిత్యాల, కోరుట్ల, మల్లాపూర్ దుకాణాల ఆర్డర్లన్నీ ఆమె కంప్యూటర్‌లోని వాట్సాప్‌కు కాల్స్‌గానో వాయిస్ మెసేజ్‌లుగానో వచ్చేవి. మా వైపు ఆర్డర్ ఎలా ఇస్తారో తెలియనివారికి కాస్త చెప్పాలి. మల్లాపూర్‌లో దుకాణం నడిపే అక్క ముందు తన మోకాలి నొప్పి చెబుతుంది. తర్వాత పసుపు తవ్వడానికి కూలీలు దొరకని సంగతి, ఆ తర్వాత వియ్యపురాలు అన్న మాట. అవన్నీ విని, అనాల్సిన చోట ‘అయ్యో’ అన్నాకే చీరల ప్రస్తావన వస్తుంది. మధ్యలో తొందరపెట్టారో, ఆ ఆర్డర్ ఇంకో ఆఫీసుకు పోయినట్టే. ఆపా ‘అయ్యో’ అంటే అవతల నొప్పి సగం తగ్గేది.

ఇలా ఉండగా మా సేటు అల్లుడు హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ పట్టుకొచ్చాడు. ఎవరు ఏ యాప్‌లో, ఏ వెబ్‌సైట్‌లో ఎంతసేపు ఉన్నారో అది చూస్తుందట. పనికొచ్చేవాటికి ఆకుపచ్చ, పనికిరానివాటికి ఎరుపు. ఏది ఏ రంగో మాత్రం మనమే దానికి నేర్పాలట. అందరినీ కూర్చోబెట్టి ఒక్కో పేరూ చదవడం మొదలుపెట్టాడు.

“వాట్సాప్?”

“పనే సార్,” అన్నాను.

“పనెట్లయితది? పొద్దంత ముచ్చట్లే ఉన్నయి అండ్ల.”

“గా ముచ్చట్లే మా పని సార్. ముచ్చట తీసేస్తే ఆర్డర్ ఉండది.”

“యూట్యూబ్? సీరియల్ జూసుడు గూడ పనేనా?”

“ఒక్కసారి మీరు గూసోని జూడుండ్రి సార్, పనో శిక్షనో తెలుస్తది.”

సేటు నవ్వాడు, అల్లుడు నవ్వలేదు. రెండింటికీ ఎరుపే పడింది. మా మూడో మనిషి లెక్కల గుమాస్తా. మేం మౌనస్వామి అనేవాళ్లం. పొద్దున్నే లెక్కల పట్టిక తెరిచి, మౌస్ మీద చేయి వేసి, కూర్చున్నచోటే నిద్రపోయేవాడు. గురకకు చేయి కదిలేది, చేయితో మౌస్ కదిలేది. కొన్నాళ్లకు చూస్తే ఆయన తెర నిండా ఆకుపచ్చ, వానాకాలం వరి పొలంలాగా. “జూడుండ్రి, పనంటే గిట్ల జెయ్యాలె,” అన్నాడు అల్లుడు మాతో. ఆపా తెర నిండా ఎరుపు. నెలాఖరుకు ఎరుపు ఎక్కువున్నవాళ్లను తీసేయాలని మామకు సలహా కూడా చెప్పేశాడు.

ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి కూర్చున్నాను. నిద్ర ఆకుపచ్చ, వినడం ఎరుపా? ఇదెక్కడి న్యాయం? బడి మధ్యలో మానేసినవాడికే తెలుస్తున్న సంగతి, ఇంత పెద్ద చదువు చదివి వచ్చిన సాఫ్ట్‌వేర్‌కు తెలియదా? ఆపా తన డబ్బా మూత కూడా తీయలేదు. “నేనేం జేసిన బేటా? మోకాలు నొస్తున్నదంటె ఇనకుంట ఎట్లుంట?” అంది. లేచి నేరుగా సేటు దగ్గరికి పోయాను.

“సేటూ, ఆపా కంప్యూటర్ల వాట్సాప్ ఉండబట్టే గద ఎరుపు. మీ ఫోన్‌కైతే ఏ రంగు పడది. రేపటి సంది దుకాణాలోళ్ల ఫోన్లు మీరే ఎత్తుండ్రి, ఆపా పట్టికలు జూసుకుంటది.” అల్లుడికి ఈ ఆలోచన నచ్చింది. (ముఖం అమాయకంగా పెట్టడంలో నాకు చిన్నప్పటి నుంచీ మంచి పేరుంది.)

మర్నాడు మల్లాపూర్ అక్క ఫోన్ చేసింది. మోకాలి దగ్గర సేటు కొంచెం ఓర్చుకున్నాడు. పసుపు తవ్వే దగ్గర కుర్చీలో కదిలాడు. వియ్యపురాలు వచ్చేసరికి ఆగలేక, “చీరెలెన్ని గావాలెనో చెప్పక్కా,” అన్నాడు.

“గంత తొందరున్నోనివి ఫోనెందుకు ఎత్తినవ్ సేటూ? నేనేమన్న బిచ్చమడుగుతున్ననా?”

సేటు బతిమాలుకున్నాడు. ఆమె మెత్తబడి, ఎక్కడ ఆగిందో మరిచి, మళ్లీ మోకాలి నుంచి మొదలుపెట్టింది. ఆమె తర్వాత కోరుట్ల, దాని వెనకే జగిత్యాల. టిఫిన్‌లోని కూర చల్లారి నూనె పేరుకుంది. చివరికి వేడెక్కిన చెవి పట్టుకొని వచ్చి ఫోన్ ఆపా ముందు పెట్టాడు.

“పట్టుకో తల్లీ. నా తోని గాదు. అల్లుడూ, గా వాట్సాప్‌కు పచ్చ రంగెయ్యి.”

“సాఫ్ట్‌వేర్ల గట్ల మారిస్తె మొత్తం గడబిడైతది మామా.”

“సాఫ్ట్‌వేర్ నీది బాబూ, చెవులు నావి.”

ఆపా కుర్చీ నిలబడింది. నేను అక్కడితో నోరు మూసుకుంటే నాదీ నిలబడేది. “మరి మా మౌనస్వామి గురకకు ఏ రంగు సార్?” అన్నాను అల్లుడితో. యూట్యూబ్ ఎరుపుగానే ఉండిపోయింది. నెలాఖరుకు నన్ను తంగళ్ళపల్లి గోదాంలో మూటలు కట్టే పనికి పంపారు. “ఎందుకు బేటా గంత నోరు?” అని ఆపా నొచ్చుకుంది. మూటలకు రంగులు వేసే సాఫ్ట్‌వేర్ లేనందుకు నేను మాత్రం అక్కడ హాయిగానే ఉన్నాను.

ఇప్పుడు కోరుట్లలో నాదే చిన్న దుకాణం. నోరు అదుపులో పెట్టుకున్న పెద్దమనిషినని పేరు కూడా వచ్చింది. మొన్న ఏదో పని మీద జగిత్యాలలో ఒక ఆఫీసుకు పోతే, కౌంటర్‌లోని ఆయన తలెత్తకుండా “మీరు సిస్టంల లేరు,” అన్నాడు. “సరే సార్, మళ్ల వస్త,” అని వినయంగా చెప్పి వచ్చేశాను. బస్సు ఊరు దాటాక తట్టింది, ఒకప్పటి నాలోని ఆ గోదాం పిల్లగాడైతే అక్కడికక్కడే ఏమనేవాడో: “నేను లేకుంటె మీరెవ్వలతోని మాట్లాడుతున్నరు సార్?” ఒక్కణ్నే పైకి నవ్వేశాను. పక్క సీటాయన కిటికీ వైపు కొంచెం జరిగి కూర్చున్నాడు.