విరిగిన పాలు, విరగని బొత్తాం

బొత్తాల బాబాయికి పాలు పాలలా కనిపించేవి కావు, బొత్తాల్లా కనిపించేవి. వీధి వీధంతా ఆయన్ని బాబాయి అనీ, ఆయన భార్యను పిన్ని అనీ పిలిచేది కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. ఎవరింటికైనా వెళ్తే, చేతికిచ్చిన పాలగ్లాసును వెలుతురుకెత్తి చూసి, "అయ్యయ్యో, ఒక కోటుకు సరిపడా బొత్తాలు మింగేయమంటారా?" అనేవాడు.

అంతవరకు బొత్తాలను కొమ్ముతోనో ఎముకతోనో చెక్కేవారు. బాబాయి పనిచేసే బొత్తాల కార్ఖానాకు కొత్త విద్య వచ్చింది. పాలు విరగ్గొట్టి, ఆ ముద్దను అచ్చువేసి, ఘాటైన మందునీళ్ళలో నానబెడితే అచ్చం కొమ్ములా గట్టిపడుతుంది. ఇక బాబాయి కాళ్ళు నేలమీద నిలవలేదు. "విరిగిన పాలతో విరగని బొత్తాం! ఎద్దు కొమ్ములు ఎద్దుకే ఉంటాయి!" అని దారినపోయేవాళ్ళను ఆపి మరీ చెప్పేవాడు.

చెప్పి ఊరుకుంటే పిన్నికి ఏ బాధా ఉండేది కాదు. ఎండాకాలం వచ్చింది. ఎక్కడినుంచో నడిచొచ్చే పాలావిడ ఈ వీధికి చేరేసరికి పాలు విరిగిపోయేవి. అందరూ మొహం చిట్లించి తలుపులేసుకుంటే, బాబాయి మాత్రం ఎదురెళ్ళి మంచి పాల ధరకే బిందెడూ కొనేవాడు.

"ఇల్లంతా పులుపు కంపు. ముక్కు మూసుకుని వంట చేస్తున్నాను, తెలుసా?" అంది పిన్ని.

"కంపంటావేంటే! బొత్తాలకు విరిగిన పాలే కావాలి."

పెరట్లోనే ముద్ద చేసి, నానబెట్టి, బొత్తాలు కోసి తన చొక్కాకే కుట్టుకునేవాడు. భోజనానికి కూర్చునేసరికి ఒకటి పుటుక్కున విరిగి పళ్ళెంలో పడేది.

"విరగని బొత్తాలన్నారు?"

"కొత్త కదే, ఇంకా బెరుకు తీరలేదు."

ఒకరోజు కార్ఖానా మేస్త్రి ఇంటికొచ్చాడు. పిన్ని కడుపులో ఉన్న బాధంతా కక్కేసింది.

"అన్నయ్యగారూ, మీ కార్ఖానాకు మంచి పాలు పనికిరావా?"

మేస్త్రి తెల్లబోయాడు. "అదేంటమ్మా! వెన్న తీసిన తాజా పాలు తెచ్చి మేమే విరగ్గొడతాం. పులిసిన పాలైతే బొత్తాం పెళుసెక్కిపోతుంది. ఆ సంగతి మాకు చెప్పిందే మీ ఆయన!"

బాబాయి పైకప్పు పరీక్షిస్తూ కూర్చున్నాడు. మేస్త్రి వెళ్ళాక నసిగాడు. "పాలు ఎవరూ కొనకపోతే ఆవునమ్మేస్తానందే ఆ పాలావిడ. ఊరికే డబ్బిస్తే తీసుకునే మనిషి కాదు. అందుకని..."

కోపం రావలసిన చోట పిన్నికి నవ్వొచ్చింది. మొగుడి మీద ఇంత ఇష్టం పొంగుకొచ్చి చాలాకాలమైంది.

మర్నాడు మబ్బుపట్టి చల్లగా ఉంది. పాలావిడ బిక్కమొహం వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"తప్పయిపోయిందమ్మా. ఇవాళ పాలు విరగలేదు. అయ్యగారికి పనికిరావేమో!"

లోపల బాబాయికి పొలమారింది. పిన్ని గిన్నె ముందుకు చాపింది.

"ఇందులో పొయ్యమ్మా. విరగ్గొట్టడం నాకొచ్చులే."